యాప్‌లలో పుట్టిన తేదీలు ఒక రోజు వెనక్కి ఎందుకు జారుతున్నాయి?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆస్పత్రి అపాయింట్‌మెంటు, బడి ఫీజు, బీమా ప్రీమియం, కరెంటు బిల్లు, పింఛను దరఖాస్తు, రైలు టిక్కెట్టు, అన్నీ ఫోనులోకి చేరిన తరువాత మన తేదీల లెక్కలు చాలావరకు యాప్‌ల చేతికి వెళ్లిపోయాయి. ఆ లెక్క ఒక్క రోజు తప్పినా కార్యాలయాల చుట్టూ తిరగవలసి వచ్చేది యాప్ వాడినవారికే. నేను విశాఖపట్నంలో మొబైల్ యాప్‌లు రాసే పని చేస్తున్నాను. ఇంజినీరింగ్ పూర్తిచేసి కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు పని కూడా నేర్పుతుంటాను. వారు తెరలు అందంగా తీర్చిదిద్దగలరు, సర్వరుతో మాట్లాడే కోడ్ తడుముకోకుండా రాయగలరు. తేదీల సంగతి మాత్రం వారికి కళాశాలలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు. మీ పత్రికను చదివేవారిలో అధ్యాపకులు, విద్యార్థులు, సొంతంగా యాప్‌లు చేయించుకునే ఆస్పత్రులు, విద్యాసంస్థలవారు ఉంటారు కనుక ఈ విషయాన్ని కొంత వివరంగా వారి దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మాకు దగ్గరి బంధువైన ఒక పెద్దాయన ఆరోగ్య బీమా కోసం ఒక సంస్థ యాప్‌లో తన వివరాలు నింపారు. ఆధార్ కార్డు ముందు పెట్టుకుని, దాని మీద ఉన్న పుట్టిన తేదీనే ఎంచుకున్నారు. చేతికి వచ్చిన పాలసీ పత్రం మీద మాత్రం అంతకు ముందు రోజు తేదీ అచ్చయి ఉంది. అప్పుడు ఎవరూ గమనించలేదు. తీరా ఆస్పత్రిలో చేరాక, ఆధార్‌తో తేదీ సరిపోలడం లేదంటూ క్లెయిమ్‌ను ఆపివేశారు. సవరణ దరఖాస్తులు, నోటరీ సంతకాలు, ఫోన్ చేసిన ప్రతిసారీ ‘మీరే తప్పు నింపి ఉంటారు’ అన్న జవాబు. ఆయన తప్పు నింపలేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఈ పని తెలిసినవారు ఆ పత్రం చూడగానే చెప్పగలరు, ఎందుకంటే మన దేశంలో రాసిన యాప్‌లలో తేదీ తప్పితే చాలా సందర్భాలలో ఒక రోజు వెనక్కే తప్పుతుంది. అందుకు కచ్చితమైన కారణం ఉంది.

ఫోను గానీ సర్వరు గానీ కాలాన్ని సాధారణంగా ఒక సంఖ్యగా దాచుకుంటుంది. యూటీసీ అనే అంతర్జాతీయ కాలమానం ప్రకారం 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు, లేదా ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయన్నదే ఆ సంఖ్య. భారత కాలమానం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. మీర్జాపూర్ పక్కగా సాగి మన రాష్ట్రంలో కాకినాడకు చేరువగా సముద్రం వైపు దిగే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దానికి ఆధారం. పెద్దాయన 1952 ఆగస్టు 15 అని ఎంచుకున్నారనుకుందాం. యాప్ దానిని ‘ఆ రోజు మొదలైన అర్ధరాత్రి 12 గంటలు’ అనే క్షణంగా మార్చుకుంటుంది. మనకు ఆగస్టు 15 మొదలైన ఆ క్షణంలో యూటీసీ ప్రకారం ఇంకా ఆగస్టు 14 సాయంత్రం ఆరున్నర. సర్వరుకు పంపేటప్పుడు ఆ క్షణాన్ని యూటీసీలో రాసి, గంటలూ నిమిషాలూ అక్కర్లేదని తేదీ ముక్కను మాత్రం కత్తిరించి భద్రపరిస్తే, ఆయన పుట్టినరోజు శాశ్వతంగా ఆగస్టు 14 అయిపోతుంది. వెబ్‌సైట్లు, యాప్‌లు రాయడానికి వాడే జావాస్క్రిప్ట్ భాషలో తేదీని టుఐఎస్ఓస్ట్రింగ్ అనే పద్ధతితో అక్షరాలుగా మార్చి, అందులో మొదటి పది అక్షరాలు తీసుకునే ఒక చిన్న వాక్యం ఉంది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, ఇంటర్నెట్‌లో సులభంగా దొరుకుతుంది, మన దేశపు ఫోనులో అది చేసేది సరిగ్గా ఈ పనే.

ఈ సందర్భంలో మరొక చిత్రమైన సంగతి చెప్పాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 నుంచి 1945 అక్టోబరు దాకా, భారతదేశపు గడియారాలను ఒక గంట ముందుకు జరిపి యూటీసీకి ఆరున్నర గంటలు ముందుగా నడిపారు. టైమ్ జోన్‌ల, అంటే ప్రాంతాలవారీ కాలమానాల, చరిత్ర తెలిసిన లైబ్రరీలలో (ప్రోగ్రామర్లు తమ యాప్‌లలో కలుపుకునే సిద్ధపు కోడ్‌లలో) ఈ సంగతి నమోదై ఉంది. ఫోనులో అటువంటి లైబ్రరీ, సర్వరులో ఎప్పుడూ ఐదున్నర గంటలు కలిపే కోడ్ ఉంటే, ఆ ఏళ్లలో పుట్టినవారి అర్ధరాత్రి 12 గంటలు కాస్తా ముందు రోజు రాత్రి 11 గంటలుగా కనిపిస్తుంది. మిగతా అందరి తేదీలూ సరిగ్గా వచ్చి, ఎనభై దాటిన ఆ కొద్దిమందివి మాత్రమే తప్పితే ప్రోగ్రామర్‌కు కారణం తోచదు. ఆ వయసువారు ఒక కార్యాలయానికి రెండోసారి వెళ్లడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర లేదు.

నా మనవి అంతా ఒక్క మాటలో ఇది: పుట్టిన తేదీని క్షణంగా మార్చకూడదు. సంవత్సరం, నెల, రోజు అనే మూడు అంకెలుగానే తీసుకుని, మూడు అంకెలుగానే పంపి, మూడు అంకెలుగానే భద్రపరచాలి. దానికి గంట లేదు, నిమిషం లేదు, టైమ్ జోన్ అసలే లేదు. విశాఖలో పుట్టిన బిడ్డ పెద్దయి డల్లాస్‌లో స్థిరపడినా పుట్టిన తేదీ మారదు కదా. బ్యాంకులో డబ్బు జమ అయిన సమయం, అంబులెన్సును పిలిచిన సమయం, సందేశం పంపిన సమయం, ఇవి క్షణాలు. వీటిని యూటీసీలో దాచడమే సరైన పద్ధతి. పెళ్లిరోజు, పాలసీ గడువు, టీకా వేయించవలసిన రోజు, సెలవు దినం, ఇవి క్యాలెండరులోని రోజులు. ఒక విలువ ఈ రెండింటిలో ఏ జాతికి చెందుతుందో డేటాబేసులో గడి సృష్టించేటప్పుడే నిర్ణయించుకుంటే, నేను చూసిన తేదీ లోపాలలో అత్యధిక భాగం పుట్టేవే కావు.

పనిముట్లు లేవని అనుకోనక్కర లేదు. జావా భాషలో 1996 నాటి డేట్ అనే పాత తరగతి (క్లాస్, అంటే ఒక రకం విలువను దాచి దానిపై లెక్కలు చేసే కోడ్ అచ్చు) చాలా ఇబ్బందులు పెట్టింది. అందులో నెలలు సున్నా నుంచి మొదలవుతాయి, సంవత్సరాన్ని 1900 నుంచి లెక్కిస్తారు, కాబట్టి 2025ను అది 125 అని చెబుతుంది. 2014లో వచ్చిన జావా 8లో లోకల్‌డేట్ అనే తరగతిని ప్రవేశపెట్టారు. అందులో ఉండేవి సంవత్సరం, నెల, రోజు మాత్రమే. ఆండ్రాయిడ్‌లో 2017 నాటి 8.0 వెర్షన్ నుంచి అది నేరుగా అందుబాటులో ఉంది. పాత ఫోన్ల కోసం 2020 నుంచి ఆండ్రాయిడ్ పనిముట్లలోనే ఏర్పాటు ఉంది. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే మరొక భాష కోట్లిన్‌కు విడిగా అటువంటి లైబ్రరీయే ఉంది. ఐఫోన్ కోసం స్విఫ్ట్‌లో రాసేవారికి, ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ చేసే ఫ్లట్టర్ కోసం డార్ట్ భాషలో రాసేవారికి భాషతో పాటు వచ్చే లైబ్రరీలో కేవలం తేదీకే ఉద్దేశించిన రకం లేదు. వారు మరింత జాగ్రత్తగా ఉండి, స్విఫ్ట్‌లో డేట్‌కాంపొనెంట్స్ వాడడమో, సొంతంగా సంవత్సరం, నెల, రోజు ఉండే చిన్న నిర్మాణం చేసుకోవడమో చేయాలి. ఆండ్రాయిడ్ యాప్‌లు సాధారణంగా వాడే ఎస్‌క్యూలైట్ డేటాబేసులో తేదీకి ప్రత్యేకమైన రకమే లేదు. అక్కడ 2025-08-15 అన్నట్లు సంవత్సరం, నెల, రోజు వరుసలో అక్షరాలుగా రాసుకోవడం మేలు. 1988లో వెలువడిన ఐఎస్ఓ 8601 ప్రమాణం చెప్పేదీ ఇదే. అలా రాస్తే అక్షర క్రమంలో పేర్చినా కాలక్రమం చెడదు. మన అలవాటు ప్రకారం రోజును ముందు రాసి పేరిస్తే 2024 జనవరి 15 కంటే 2024 డిసెంబరు 2 పైకి వచ్చి కూర్చుంటుంది. తెర మీద చూపేటప్పుడు మాత్రం మన వారికి అలవాటైన రోజు, నెల, సంవత్సరం క్రమంలోనే చూపాలి, నెలను వీలైనంతవరకు అక్షరాలలో రాయాలి. 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4.

పుట్టిన తేదీ సంగతి అలా ఉంచితే, ‘ఈ రోజు ఏ తేదీ’ అన్న ప్రశ్నలోనూ ఇదే ఐదున్నర గంటల చిక్కు ఉంది. యూటీసీ ప్రకారం తేదీ చెప్పే సర్వరుకు మన అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర దాకా ఇంకా నిన్నటి తేదీయే. నగరంలో ఆ వేళకు అందరూ నిద్రపోతుంటారని ప్రోగ్రామర్లు అనుకుంటారేమో గానీ, విశాఖ అలా నిద్రపోదు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే చేపల వేలం మొదలవుతుంది, ఉక్కు కర్మాగారంలోనూ ఓడరేవులోనూ రాత్రి షిఫ్టు సాగుతుంటుంది, ఆస్పత్రులలో పిల్లలు పుడుతుంటారు. వేకువన నాలుగు గంటలకు జరిగిన అమ్మకం నిన్నటి ఖాతాలో పడితే వ్యాపారి లెక్క రెండు రోజులూ తప్పుతుంది. రాత్రి షిఫ్టు కార్మికుని హాజరు రెండు తేదీల మధ్య నలుగుతుంది. అతడు వచ్చింది ఒక తేదీన, వెళ్లింది మరొక తేదీన. షిఫ్టును ఏ తేదీ కింద లెక్కించాలన్నది యాజమాన్యం ముందుగా చెప్పవలసిన నియమమే తప్ప గడియారాన్ని చూసి యాప్ ఊహించవలసినది కాదు. బయలుదేరిన ఊరిలో అర్ధరాత్రికి ముందు కదిలి, విశాఖకు అర్ధరాత్రి దాటాక చేరే రైళ్ల విషయంలోనూ అంతే. రైలు బయలుదేరిన తేదీ వేరు, మనం ఎక్కే తేదీ వేరు, ఏది అడుగుతున్నామో తెర మీద స్పష్టంగా రాయకపోతే ప్రయాణికుడు ఒక రోజు తేడాతో స్టేషనుకు వస్తాడు.

మన దగ్గర కనిపించని తప్పులు కొన్ని మన పిల్లలున్న దేశాలలో బయటపడతాయి. ఆండ్రాయిడ్ యాప్‌లలో విరివిగా వాడే మెటీరియల్ డేట్ పికర్ (తేదీ ఎంచుకోవడానికి తెర మీద తెరుచుకునే సిద్ధపు క్యాలెండరు), ఎంచుకున్న తేదీని యూటీసీ అర్ధరాత్రిగా తిరిగి ఇస్తుంది. దానిని మన ఫోనులో స్థానిక సమయంగా చదివితే అదే రోజు ఉదయం ఐదున్నర అవుతుంది, తేదీ మారదు కనుక పరీక్షలో అంతా బాగానే ఉందనిపిస్తుంది. అదే యాప్‌ను న్యూజెర్సీలో ఉన్న కూతురు, విశాఖలో ఉన్న తల్లికి డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోవడానికి వాడితే, అక్కడి గడియారం యూటీసీకి వెనుక ఉంటుంది కాబట్టి ముందు రోజు సాయంత్రంగా చదువుకుంటుంది. తల్లికి ఒక రోజు ముందు అపాయింట్‌మెంటు నమోదవుతుంది. అమెరికాలో అధిక ప్రాంతాలలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు. ఆ రోజులకు 23 గంటలు, 25 గంటలు ఉంటాయి. రెండు తేదీల మధ్య రోజులను తెలుసుకోవడానికి మిల్లీసెకన్ల తేడాను 8,64,00,000తో భాగించే కోడ్ అక్కడ ఒక రోజు తక్కువ చూపవచ్చు. ఇంకా చెప్పాలంటే, సమోవా దేశం అంతర్జాతీయ దినరేఖకు అవతలి వైపుకు మారినందువల్ల అక్కడ 2011 డిసెంబరు 30 అనే రోజే రాలేదు. రోజుకు 24 గంటలనే నమ్మకం మీద కోడ్ కట్టకూడదనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అవసరం లేదు.

రోజులు లెక్కించడంలో టైమ్ జోన్‌తో సంబంధం లేని తప్పు మరొకటి ఉంది, దానికి ఉదాహరణ మన తీరంలోనే దొరుకుతుంది. తూర్పు తీరంలో మరపడవల మీద చేపల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. యాప్‌లో జూన్ 14 నుంచి ఏప్రిల్ 15ను తీసివేస్తే 60 వస్తుంది. తీసివేత రెండు తేదీల మధ్య దూరాన్ని చెబుతుంది. నిషేధం మొదటి రోజునూ చివరి రోజునూ కూడా కలుపుకుంటుంది. ఏప్రిల్‌లో 16, మేలో 31, జూన్‌లో 14, మొత్తం 61 అని మత్స్యకారుడు వేళ్ల మీద సరిగానే లెక్కపెడతాడు, యాప్ తప్పుతుంది. ఆస్పత్రిలో ఉన్న రోజులు, హోటల్ గది అద్దె, మందుల కోర్సు, సెలవు దరఖాస్తు, వీటిలో ప్రతి ఒక్కదానికి చివరి రోజును కలపాలా వద్దా అన్న నియమం వేరువేరుగా ఉంటుంది. హోటల్‌వారు రాత్రులను లెక్కిస్తారు, సెలవు మంజూరు చేసేవారు రోజులను లెక్కిస్తారు. పని అప్పగించేవారిని ఈ ప్రశ్న అడగకుండా కోడ్ మొదలుపెట్టే ప్రోగ్రామర్ సగం సార్లు తప్పుతాడు.

వయసు లెక్క కూడా ఇటువంటిదే. పుట్టిన తేదీ నుంచి నేటి దాకా ఉన్న రోజులను 365తో భాగించి వయసు చెప్పే యాప్‌లు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. అరవై ఏళ్లలో సాధారణంగా 15 లీపు రోజులు వస్తాయి, కనుక ఆ యాప్ పదిహేను రోజుల ముందే అరవై నిండినట్లు చూపుతుంది. దానిని నమ్మి దరఖాస్తు చేసుకున్నవారిని కార్యాలయంవారు తిప్పి పంపుతారు. పద్ధెనిమిదేళ్ల దగ్గర తేడా నాలుగైదు రోజులు. మన మెజారిటీ చట్టం, అది 1875 నాటిది, ఈ లెక్కను చక్కగా తేల్చింది: పుట్టిన రోజును పూర్తి రోజుగా కలుపుకోవాలి, పద్ధెనిమిదో వార్షికోత్సవం మొదలైన క్షణానే మేజరు అయినట్లు. అంటే సంవత్సరాలను తీసివేసి, ఈ ఏడాది పుట్టినరోజు వచ్చిందా లేదా అని చూడడమే సరైన లెక్క. ఫిబ్రవరి 29న పుట్టినవారికి లీపు కాని ఏడాదిలో ఫిబ్రవరి 28 చూడాలా మార్చి 1 చూడాలా అన్నది ముందే నిర్ణయించి రాసిపెట్టుకోవాలి. నెలలు కలిపే చోటా ఇదే సమస్య వస్తుంది. జనవరి 31కి ఒక నెల కలిపితే జావా కొత్త లైబ్రరీ ఫిబ్రవరి చివరి రోజును ఇస్తుంది, జావాస్క్రిప్ట్ మార్చి నెలలోకి దాటిపోతుంది. ఒకే సంస్థ ఆండ్రాయిడ్ యాప్ ఒక వాయిదా తేదీని, వెబ్‌సైట్ మరొక తేదీని చూపడానికి ఇదొక కారణం.

తేదీని అక్షరాలుగా మార్చే నమూనాలోని ఒక ఉచ్చును ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది ఏడాదిలో కొద్ది రోజులే బయటపడుతుంది. జావాలోనూ స్విఫ్ట్‌లోనూ సంవత్సరం కోసం చిన్న వై అక్షరాలు నాలుగు (yyyy) రాయాలి. పెద్ద వై అక్షరాలు (YYYY) రాస్తే అది వారాల లెక్కన సాగే సంవత్సరాన్ని ఇస్తుంది. ఏడాది పొడుగునా రెండూ ఒకటే. డిసెంబరు చివరి వారంలో మాత్రం, ఆ వారం కొత్త ఏడాది మొదటి వారంగా లెక్కకు వస్తే, 2025 డిసెంబరు 30ని 2026 డిసెంబరు 30గా చూపుతుంది. జూలైలో పరీక్షించి విడుదల చేసిన యాప్ సంవత్సరాంతపు సెలవుల్లో, సరిచేసేవారు ఊళ్లో లేనప్పుడు తప్పుతుంది. పెద్ద డీ అక్షరాలు రాస్తే నెలలో రోజుకు బదులు ఏడాదిలో ఎన్నో రోజో వస్తుంది, చిన్న ఎం అక్షరాలు రాస్తే నెలకు బదులు నిమిషాలు వస్తాయి. ఏ యాప్‌లోనైనా 1970 జనవరి 1 కనిపిస్తే అక్కడ తేదీ ఖాళీగా ఉందని, ఆ ఖాళీని సున్నాగా చదివారని పాఠకులు గ్రహించవచ్చు. ముప్పై రెండు బిట్ల సంఖ్యలో సెకన్లను లెక్కించే పాత వ్యవస్థలకు 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాలకు, ఆ సంఖ్య నిండిపోతుంది. అది దూరంగా ఉన్నట్లు అనిపించినా, ఇప్పుడు తీసుకునే ఇంటి రుణాల చివరి వాయిదాలు ఆ తేదీని దాటే ఉంటున్నాయి.

ఇక తేదీని అడిగే తెర గురించి. కోడ్ ఎంత సరిగా ఉన్నా, పెద్దవారు ఆ తేదీని నింపలేకపోతే ప్రయోజనం లేదు. పుట్టిన తేదీ కోసం ఈ నెల క్యాలెండరును తెరిచి చూపే యాప్‌లు ఎన్నో ఉన్నాయి. మూలన ఉన్న సంవత్సరం అంకెను నొక్కితే ఏళ్ల జాబితా వస్తుందని చాలామందికి తెలియదు. వారు బాణం గుర్తును నొక్కుతూ ఒక్కో నెల వెనక్కి పోతారు. డెబ్భై ఏళ్ల మనిషి అలా వెళ్లాలంటే 840 సార్లు నొక్కాలి. మా వీధిలో ఒక పెద్దావిడ ఈ పని మధ్యలో విసిగి, ఫోను పక్కన పెట్టి, దరఖాస్తే మానుకున్నారు. ఎవరికైనా నోటికి వచ్చే తేదీని క్యాలెండరులో వెతికించకూడదు; రోజుకు, నెలకు, సంవత్సరానికి మూడు గళ్లు ఇచ్చి అంకెల కీబోర్డుతో రాయించుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వ సేవల రూపకల్పన నియమాలు కూడా ఇటువంటి తేదీలకు మూడు గళ్లనే సూచిస్తున్నాయి. రాబోయే వారంలో ఒక రోజును ఎంచుకోవలసిన అపాయింట్‌మెంటుకు మాత్రం, వారం పేరు పక్కనే కనిపించే క్యాలెండరు మంచిది.

అంతకంటే ముఖ్యం, తమ పుట్టిన తేదీ పూర్తిగా తెలియనివారు మనలో లక్షలాదిగా ఉన్నారు. ఎన్నో ఆధార్ కార్డుల మీద పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంది. బడిలో చేర్చిన రోజున పంతులు గారు రాసిన జూలై 1తో జీవితమంతా గడిపినవారు మన ప్రతి వీధిలో కనిపిస్తారు. సంవత్సరం మాత్రమే తెలిసిన మనిషిని యాప్ ‘రోజు నింపండి’ అని ఎర్ర అక్షరాలతో నిలదీస్తే, ఆయన ఏదో ఒక రోజు నింపుతాడు, మరొక యాప్‌లో మరొకటి నింపుతాడు, తరువాత రెండు రికార్డులూ సరిపోలవు. తెలియని భాగాన్ని ఖాళీగా ఉంచి, ‘సంవత్సరం మాత్రమే తెలుసు’ అని భద్రపరిచే వీలు ఉండాలి. ఇది సాంకేతికంగా ఏ మాత్రం కష్టం కాదు, అడగాలన్న ఆలోచన ఉండాలి అంతే.

మన పంచాంగం గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే తెలుగువారి కోసం క్యాలెండరు యాప్ రాయాలని ఉత్సాహపడే విద్యార్థులు నన్ను తరచుగా అడిగే విషయం ఇదే. సింహాచలం చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియ నాడు జరుగుతుంది. 2024లో అది మే 10న, 2025లో ఏప్రిల్ 30న వచ్చింది. ఫోనులో ‘ఏటా ఇదే తేదీన గుర్తు చేయి’ అని పెట్టుకుంటే గుర్తు చేసేది తప్పు రోజునే. పెద్దల ఆబ్దికాలకూ ఇదే ఇబ్బంది. చంద్రుడు సూర్యుని నుంచి 12 డిగ్రీలు జరిగే కాలం ఒక తిథి. అది సుమారు 19 నుంచి 26 గంటల దాకా మారుతుంటుంది. సాధారణంగా సూర్యోదయానికి ఉన్న తిథిని ఆ రోజు తిథిగా చెబుతారు కాబట్టి కొన్ని తిథులు ఏ సూర్యోదయానికీ తగలకుండా జారిపోతాయి, కొన్ని రెండు సూర్యోదయాలను తాకుతాయి. అధికమాసం ఉండనే ఉంది; 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం అధికమయ్యాయి. సూర్యోదయం ఊరిని బట్టి మారుతుంది, విశాఖలో హైదరాబాదు కంటే ముందే తెల్లవారుతుంది, అమెరికా సంగతి చెప్పనే అక్కర లేదు. ఒకే తిథి అక్కడ వేరే తేదీన పడవచ్చు. ఐఫోన్ లైబ్రరీలో 1957 మార్చి 22 నుంచి అమలులో ఉన్న మన జాతీయ శక క్యాలెండరు ఉంది, అది సౌరమానం. మన చాంద్రమాన పంచాంగానికి అది సాయపడదు. కాబట్టి తిథిని లెక్కగట్టే యాప్ రాసేవారు ఊరి అక్షాంశ రేఖాంశాలను తీసుకుని లెక్కించాలి, లేదా నమ్మకమైన పంచాంగం నుంచి ఏటా తేదీలను తెచ్చుకోవాలి. ఒక ఏడాది పండుగల జాబితాను కోడ్‌లో రాసేసి వదిలేయడం సరికాదు.

ఈ విషయంలో రెండు కోరికలు ఉన్నాయి. మొదటిది మన విశ్వవిద్యాలయాలకు, ఇంజినీరింగ్ కళాశాలలకు. ప్రోగ్రామింగ్ పాఠ్యక్రమంలో తేదీలు, కాలం మీద కనీసం కొన్ని తరగతులు, ప్రయోగశాలలో ఒక అభ్యాసం ఉండాలి. లీపు సంవత్సరపు సూత్రాన్ని మొదటి ఏడాదే రాయిస్తారు, 2000 లీపు సంవత్సరమని, 2100 కాదని పిల్లలు చెప్పగలరు. అక్కడితో ఆగిపోకుండా, క్షణానికీ తేదీకీ తేడా, టైమ్ జోన్, వయసు లెక్క, నెలలు కలపడం వరకు తీసుకువెళ్లాలి. విశాఖలో ఐటీ సంస్థలున్న మధురవాడలోనూ రుషికొండలోనూ ఉద్యోగాల్లో చేరే పిల్లలు తొలి నెలల్లోనే ఈ పనిలో పడతారు.

రెండవది, యాప్‌లు చేయించుకునే సంస్థలకు. డబ్బు చెల్లించే ముందు మీ సిబ్బందే యాప్‌ను పరీక్షించండి, దానికి కోడ్ తెలియనక్కర లేదు. ఫోను గడియారాన్ని తెల్లవారుజామున నాలుగు గంటలకు మార్చి ఒక రసీదు తీయండి. టైమ్ జోన్‌ను న్యూయార్క్‌కు మార్చి పుట్టిన తేదీ ఒకటి నింపి, తిరిగి భారత కాలమానానికి వచ్చి అదే తేదీ కనిపిస్తోందేమో చూడండి. 1944లో పుట్టినవారి తేదీని, ఫిబ్రవరి 29న పుట్టినవారి తేదీని నమోదు చేయండి. డిసెంబరు 30న తీసిన బిల్లు మీద ఏ సంవత్సరం అచ్చవుతుందో గమనించండి. ఈ పరీక్షలను ఒప్పంద పత్రంలోనే రాయించుకోండి. తేదీ తప్పిందని వచ్చిన ఫిర్యాదును స్వీకరించేటప్పుడు, వినియోగదారుడు తప్పు నింపాడని తేల్చకముందు, ఇతర రికార్డుల్లోనూ ఒకే రోజు తేడా ఉందేమో మీ ప్రోగ్రామర్‌చేత చూపించండి. ఉంటే ఆ రికార్డులన్నిటినీ, దరఖాస్తు అడగకుండానే, సంస్థే సరిచేయాలి.

ఇట్లు,
మొబైల్ యాప్‌ల ప్రోగ్రామర్,
మధురవాడ, విశాఖపట్నం.